కూర్మన్న కన్ను

గరికిన పైడితల్లి దాన్ని తడి తువ్వాలులో చుట్టి తెచ్చింది. ప్రయోగశాల గుమ్మంలో చెప్పులు విడిచి, ఎవరినీ ఏమీ అడక్కుండా నేరుగా నూకరత్నం బల్ల దగ్గరికి వచ్చి మూట విప్పింది. సెక్స్‌టెంట్ ఇత్తడి చట్రం మీద ఉప్పు తెల్లగా పేరుకుపోయి ఉంది. చేపల వేటకు బయల్దేరేముందు గంగమ్మకు పెట్టిన చేత్తోనే దానికీ పెట్టిన కుంకుమబొట్టు ఇంకా పూర్తిగా చెరిగిపోలేదు.

పైడితల్లి భర్త దానయ్య బోటు నడిపే సరంగు. చినరేవు నుంచి వేటకు వెళ్ళిన అతని బోటుకు మసక పట్టిన ఒక సాయంత్రం ఏరు సముద్రంలో కలిసే మొగ దొరకలేదు. ఒడ్డు కోసం వెతికి వెతికి డీజిలు అయిపోయింది. గాలి ఎటు వీస్తే అటు కొట్టుకుపోయింది. వెతకబోయినవాళ్ళకు అది నడిసముద్రంలో కనబడేసరికి ఇద్దరు ప్రాణాలతో లేరు. ఒకడు బోటులో వంట చేసే కుర్రవాడు, రెండోవాడు దానయ్య. తన వంతు నీళ్ళు కూడా మిగతావాళ్ళకే పోశాడని బతికి వచ్చినవాళ్ళు చెప్పారు. అయినా రేవులో జనం నోరు ఊరుకోలేదు. కూర్మన్న కన్ను పెట్టిన సెక్స్‌టెంట్ చేతిలో ఉండి కూడా దారి తప్పాడంటే తాగి ఉంటాడని కొందరు, చూడ్డం చేతకాలేదని కొందరు అన్నారు. వంటకుర్రాడి తల్లి పైడితల్లి వాకిట్లో నిలబడి దుమ్మెత్తి పోసింది.

"దీన్ని మీరే ఉంచుకోండమ్మా," అంది పైడితల్లి. "నాకొక్క మాట సెప్పండి సాలు. తప్పు మా మావదా, ఈ కంటిదా?"

నూకరత్నం చట్రం మీది ఉప్పును వేలితో తుడిచింది. ఆ కన్ను ఆమె తండ్రిది.

సూర్యుడి మీద లేచిన తుఫానుకు ఆకాశంలోని ఉపగ్రహాలన్నీ ఒకదాని వెంట ఒకటి మూగబోయిన రోజులవి. ఫోనులో చుక్క చూసి దారి వెతుక్కోవడానికి అలవాటు పడ్డ లోకం కళ్ళకు గంతలు కట్టినట్టయింది. నేల మీద ఉన్నవాడు పక్కవాణ్ణి అడిగి వెళ్తాడు, నీళ్ళ మీద ఉన్నవాడు ఎవణ్ణి అడుగుతాడు? మ్యూజియముల్లో దుమ్ము కొట్టుకుపోతున్న సెక్స్‌టెంట్లను మళ్ళీ కిందికి దింపారు.

సెక్స్‌టెంట్‌లో మాయ ఏమీ లేదు. వృత్తంలో ఆరో వంతు చాపం, దాని మీద జరిగే చెయ్యి, రెండు అద్దాలు, ఒక చిన్న దుర్భిణి. దుర్భిణిలో కన్ను పెట్టి చెయ్యి జరుపుతూ పోతే పైనున్న సూర్యుడు అద్దంలో మెల్లగా కిందికి దిగి వస్తాడు. అతని అంచు సముద్రపు గీతను ముట్టుకున్న క్షణాన చాపం మీది కోణం చదివి, గడియారం చూసి లెక్క కడితే ఒడ్డుకు ఎంత దూరంలో ఉన్నామో తేలుతుంది. పడమటి సూర్యుడు ఎంత ఎత్తున ఉంటే పడమటి ఒడ్డు అంత దగ్గరన్నమాట. చిక్కల్లా ఆ సముద్రపు గీతతోనే. మసక పట్టిన సాయంత్రాల్లో, అందులోనూ ఊగే చిన్న బోటు మీంచి, నీరు ఎక్కడ అయిపోయిందో ఆకాశం ఎక్కడ మొదలైందో ఎంత గొప్ప కెమెరాకూ అంతుపట్టలేదు. ఏళ్ళ తరబడి ఓడల మీద తిరిగినవాడికి మాత్రం అది అలవాటు మీద తెలిసిపోతుంది.

అలాంటివాడు సూరాడ కూర్మన్న. చేపలు పట్టే ఇంట పుట్టి, సరుకు ఓడల్లో దిక్కు లెక్కలు చూసే అధికారిగా పనిచేసి దిగినవాడు. ఆయన చూపును యంత్రానికి నేర్పవచ్చునన్న ఆలోచన కూతురు నూకరత్నానిది. దుర్భిణిలోకి వచ్చే వెలుగును రెండుగా చీల్చి, సగం ఆయన కంటికీ సగం గోరంత స్ఫటికానికీ పంపేవారు. ఆయన కణత మీద అతికించిన పలక, "ఇదే గీత, ముట్టుకున్నాడు" అని ఆయన మెదడు నిశ్చయించుకున్న క్షణాన్ని పట్టి స్ఫటికానికి చెప్పేది. అలా సాయంత్రం తరవాత సాయంత్రం చూసి చూసి స్ఫటికం నేర్చుకుంది. ఇప్పుడు దాని నకళ్ళు ఈ తీరంలో ఉన్న ప్రతి బోటులోనూ ఉన్నాయి. సరంగు చెయ్యి జరుపుతూ పోతే సరి, సరిగ్గా ముట్టుకున్నప్పుడు కన్ను చిన్నగా కూస్తుంది.

దానికి చెల్లించిన వెల కూర్మన్న మొహం మీదే ఉంది. స్ఫటికానికి వెలుగు చాలడం లేదని ప్రయోగశాల అధిపతి ఉమాపతి గారు సూర్యుడికి అడ్డం పెట్టే నల్ల అద్దాల్లో ఒకటి తీయించారు. కూర్మన్న కిమ్మనలేదు. చూపు తగ్గుతోందని పని పూర్తయ్యేవరకూ ఎవరికీ చెప్పలేదు. పూర్తయ్యాక చూస్తే కుడికన్ను నడిమధ్య కాలిపోయి ఉంది, ఎడమకన్ను కూడా నీరు పట్టి అంతంతమాత్రంగా మిగిలింది. ఇంత జరుగుతుంటే పక్కనే ఉండి గమనించలేకపోయానే అన్న బాధ నూకరత్నాన్ని వదిలిపెట్టలేదు. బోట్లు క్షేమంగా తిరిగి వస్తున్నాయి కదా అన్నదొక్కటే ఆమెకు దొరికిన ఊరట. ఇప్పుడు పైడితల్లి వచ్చి ఆ ఊరట మీద చెయ్యి వేసింది.

మొదట నూకరత్నం ఆ సెక్స్‌టెంట్‌ను జెట్టీ చివరకు తీసుకెళ్ళి చూసింది. ఆకాశం తేటగా ఉంది. లెక్క వెంట్రుకవాసి కూడా తప్పలేదు. ఉమాపతి గారు ఊపిరి పీల్చుకుని, చూశావుగా, వాడినవాడిదే తప్పు అన్నారు. పైకి పంపే నివేదికలో వాడకం తెలియకపోవడం వల్ల జరిగిన ప్రమాదం అని రాస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదని కూడా చెప్పారు. చచ్చినవాడికి ఇబ్బంది ఏముంటుందని ఆయన ఉద్దేశం. నూకరత్నం కొంచెం గడువు అడిగింది. చేపలు గుడ్లు పెట్టే కాలపు వేట నిషేధం అప్పుడే మొదలైంది, అది ముగిసేదాకా బోట్లు ఒడ్డు కదలవు. కదిలేలోపు పైడితల్లికి జవాబు చెప్పాలి.

ఆ పూట ఇంట్లో తండ్రికి అన్నం వడ్డిస్తూ కంచంలో చేపముల్లు తీయబోయింది. ఆయన ఆమె చెయ్యి పక్కకు నెట్టి తానే వేళ్ళతో తడిమి తీసుకున్నాడు. గోడకి తగిలించిన పాత సెక్స్‌టెంట్‌ను ఆయన ఇప్పటికీ రోజూ తుడుస్తాడు, అద్దాల మీద వేలిముద్ర పడకుండా. దానయ్య బోటు సంగతి అడుగుతాడేమోనని ఆమె ఎదురు చూసింది. ఆయన అడగలేదు. ఊళ్ళో ఆకు కదిలినా ఆరా తీసే మనిషి ఈ ఒక్క విషయం ఎత్తకపోవడం ఆమెకు నచ్చలేదు.

మర్నాడు ఆమె ప్రయోగశాలలో స్ఫటికం దాచుకున్న పాత దృశ్యాలను తెర మీద ఒక్కొక్కటే వేసుకుంటూ కూర్చుంది. తండ్రి కన్ను చూసిన సూర్యుళ్ళు అవన్నీ. తేట సాయంత్రాల్లో సూర్యుడి అంచు సముద్రపు గీత మీద బొట్టు పెట్టినట్టు ఆనింది. మసక సాయంత్రాల్లో గీత ఎక్కడో ఆమెకు తెలియదు కాబట్టి, అలల తీరును బట్టి ఆయా రోజుల్లో బోటు నడిచిన దూరం లెక్కతో సరిపోల్చి, గీతను తానే గీసి చూసుకుంది. చూసి నిర్ఘాంతపోయింది. సూర్యుడు గీతను ముట్టుకోలేదు. వెంట్రుకవాసి కిందికి, నీళ్ళలోకి మునిగాడు.

చిన్నప్పుడు ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆయన నేర్పిన మొదటి మాట అదే. ముట్టుకోవాలి, మునగకూడదు. చాపం మీద వెంట్రుకవాసి అంటే సముద్రం మీద మైళ్ళు. సూర్యుణ్ణి కాస్త ఎక్కువ దించితే కోణం పెరుగుతుంది, కోణం పెరిగితే ఒడ్డు ఉన్నదానికన్నా దగ్గరగా కనబడుతుంది. ఒడ్డు ముందు ఇసుక మేట ఉంది. మేట దగ్గరైందని కన్ను చెబితే ఏ సరంగైనా చుక్కాని సముద్రం వైపే తిప్పుతాడు. దానయ్య అదే చేశాడు. మళ్ళీ మళ్ళీ అదే చేశాడు. కన్ను చెప్పినట్టల్లా విని, ఇంటికి వచ్చే దారిలోంచి ఇంటికి దూరంగా వెళ్ళిపోయాడు.

అప్పట్లో ఎవరూ ఎందుకు సరిచూడలేదంటే, కూర్మన్న చూపే కొలత కాబట్టి. తూకపురాయిని ఎవడు తూచి చూస్తాడు?

కళ్ళు కాలిపోవడం వల్ల మసకలో చూపు తప్పిందని ఆమె మొదట అనుకుంది. ఉమాపతి గారికీ అదే నచ్చేది, ముసలాయన కన్ను సంగతి ఆయనే దాచాడని చెప్పి చేతులు దులుపుకోవచ్చు. కానీ ఒక్క మసక సాయంత్రం దీనికి పొసగలేదు. చివరి రోజుల్లోది, ఆయన కన్ను బాగా పాడైన తరవాతిది. అందులో సూర్యుడు సరిగ్గా ముట్టుకున్నాడు. నూకరత్నం ఆ రోజు గుర్తు తెచ్చుకుంది. జ్వరంతో ఇంట్లో పడుకుని ఉంది తను.

మిగతా దృశ్యాలన్నీ మళ్ళీ వేసింది. తేట సాయంత్రాల్లో ఆమె ప్రయోగశాలలోనే ఉండిపోయేది. మసక రోజుల్లో మాత్రం స్ఫటికాన్ని దగ్గరుండి చూసుకోవాలని బోటు ఎక్కేది. సూర్యుడు మునిగిన ప్రతి దృశ్యంలోనూ, ఒక మూల, గాలికి ఎగిరే తన నీలం చున్నీ కొస కనిపించింది.

ఆమె తెర ఆర్పేసింది. తల్లి బంగారమ్మ గుర్తొచ్చింది. మొహం సరిగ్గా గుర్తులేదు, చేతి గాజుల చప్పుడు గుర్తుంది. ఏటి అవతలి ఊళ్ళో పెళ్ళి చూసుకుని వస్తుంటే మొగ దగ్గర పడవ మేట ఎక్కి తిరగబడింది. చిన్నపిల్ల నూకరత్నాన్ని ఎవరో జడ పట్టి పైకి లాగారు. బంగారమ్మను లాగడానికి ఎవరూ దొరకలేదు. కూర్మన్న అప్పుడు ఎక్కడో ఆఫ్రికా కొసన, పెద్ద ఓడని చీకటి సముద్రంలో గీత తప్పకుండా నడిపిస్తున్నాడు. లోకమంతా దారి తప్పనివాడు తన ఊరి మొగ దగ్గర మాత్రం లేకపోయాడు. ఆ తరవాత కూతురు బోటు ఎక్కిందంటే ఆయన చెయ్యి సూర్యుణ్ణి నీళ్ళలో ముంచింది. మేట ఉన్నదానికన్నా దగ్గరుందని అనుకుంటే అమ్మాయి క్షేమం.

నూకరత్నం బోటులో ఉందో లేదో స్ఫటికానికి తెలియదు. మసక అంటే భయం అనే నేర్చుకుంది. ఒక తండ్రి భయానికి నకళ్ళు తీసి, బోటుబోటుకూ ఒకటి పంచాం అనుకుంది నూకరత్నం. ప్రేమ అని అనడానికి ఆమెకు నోరు రాలేదు, దానయ్య మధ్యలో ఉన్నాడు.

తండ్రికి చెప్పడానికి ఆమె మాటలు వెతుక్కోనక్కర్లేకపోయింది. వాకిట్లో మంచం మీద కూర్చున్న ఆయన, ఆమె అడుగుల చప్పుడు విని, తెలిసిపోయిందా అన్నట్టు మొహం ఎత్తాడు.

"నీకు ఎప్పుడు తెలిసింది నాన్నా?" అని అడిగింది.

"మొదటి రోజే తెలిసిందమ్మా. గీత ఎక్కడుందో నాకు తెల్దా? సెయ్యి నా మాట ఇనలేదు."

"మరి చెప్పొద్దా?"

ఆయన మంచం పట్టీని వేళ్ళతో రుద్దుతూ ఉండిపోయాడు.

"పెద్ద ఓడల మీద మాకు నేర్పిన పద్ధతి ఒకటుండాది. ఎక్కడున్నావో అనుమానం వస్తే, ప్రమాదానికి దగ్గిరున్నావనే అనుకో, దూరం జరిగితే పోయిందేటి లేదు అనీసి. ఆ పద్ధతే కదా సేస్తున్నానని నాకు నేను సర్దిసెప్పుకున్నాను."

పెద్ద ఓడకి సరేనని, చిన్న బోటులో డీజిలెంత ఉంటుందని ఆమె అడిగింది. గొంతు పెరగకుండా అడిగింది. ఆయన తల వాల్చేశాడు. చేపలు పట్టే ఇంట పుట్టినవాడికి ఆ లెక్క తెలియనిది కాదు. ఓడల్లో గడిపిన ఏళ్ళలో మరిచిపోయాడు, అంతే. దూరం జరగడం కూడా ఒక ప్రమాదమేనని, అది మేట కన్నా నెమ్మదిగా చంపుతుందని ఆయనకు తట్టలేదు.

"పైడితల్లికి ఏటి సెప్పినావు?" అన్నాడు చివరికి.

"ఇంకా ఏమీ చెప్పలేదు."

"నువ్వు సెప్పకు. నాను సెప్తాను."

ఆ సాయంత్రమే ఇద్దరూ వెళ్ళారు. రేవులో వల బాగుచేసుకుంటున్నవాళ్ళు కూర్మన్నను చూసి గౌరవంగా లేచి నిలబడ్డారు. ఆయనకు అది కనబడలేదు, చప్పుడు వినబడింది. వాళ్ళనీ రమ్మన్నాడు. పైడితల్లి వాకిట్లో, అందరూ వింటుండగా, దానయ్య తప్పేమీ లేదని, కన్ను ఎలా చెబితే అలా నడిపాడని, కన్ను అబద్ధం చెప్పిందని, అది తన కన్నేనని చెప్పాడు. ఎందుకు చెప్పిందో కూడా దాచలేదు. వంటకుర్రాడి తల్లి కూడా అక్కడే ఉంది. ఆమె పైడితల్లి వైపు చూడలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

పైడితల్లి ఏడవలేదు, తిట్టలేదు. కూర్మన్నను కూర్చోమని కూడా అనలేదు. ఒక్క మాట అడిగింది.

"మీ కూతురి మీద మీకున్న బెంగ మా ఇంటికెందుకు పంపినారు బాబూ?"

ఆ ప్రశ్న అక్కడే, ఆ వాకిట్లోనే నిలిచిపోయింది. తిరిగి బయల్దేరుతుంటే వాకిట్లో కూర్చున్న వల బాగుచేసేవాళ్ళు లేవలేదు. ఈసారి చప్పుడు వినబడకపోవడం ఆయనకు తెలిసింది. నూకరత్నం చెయ్యి అందించబోతే పట్టుకున్నాడు.

స్ఫటికం నేర్చుకున్నదాంట్లో భయాన్ని మాత్రం ఏరి పారేయడం కుదరదు. ముద్ద కలిపిన అన్నంలోంచి ఉప్పు తీయలేనట్టే. తుడిచేస్తే మొత్తం తుడిచెయ్యాలి. ఉమాపతి గారు మండిపడ్డారు. ఇంత కష్టపడి చేసినదాన్ని ఒక్క ప్రమాదానికి పాడు చేసుకుంటామా, ఒక ముసలివాడి రెండు కళ్ళూ వృథా చేస్తామా అన్నారు. ఆ కళ్ళ మీద ఆయనకు ఇంత జాలి ఉందని నూకరత్నానికి అప్పుడే తెలిసింది. నల్ల అద్దం తీయించినది ఎవరో కూడా నివేదికలో రాస్తానని ఆమె మెల్లగా చెప్పాక ఆయన తుడిచెయ్యడానికి ఒప్పుకున్నారు.

బోట్లలోంచి కళ్ళన్నీ వెనక్కి తెప్పించారు. ఈసారి వేటకు ఒడ్డు కనబడేంత దూరంలోనే తిరగమని రేవుల్లో చాటించారు. తుడిచేసే రోజున కూర్మన్న వచ్చి కూర్చున్నాడు. చివరిసారి చూస్తావా నాన్నా అంటే, చూసేందుకేం మిగిలిందని అడ్డంగా తలూపాడు. మీట నొక్కితే చాలు, అంతా అయిపోయింది. ఆయన కుడికన్ను ఇచ్చి కొన్నది ఆవిరైపోయింది. ఆమె ఏడ్చింది. ఆయన ఆమె వీపు నిమిరాడు.

కొత్తగా నేర్పాలంటే కొత్త కన్ను కావాలి. ఎడమకన్ను ఉంది కదా అని ఆయన అన్నాడు. ఆ మాట ఇంకోసారి ఎత్తవద్దని కూతురు కసిరింది. చిన్నప్పటినుంచీ ఆయన చేతికింద నేర్చుకున్నది తానొక్కతే కాబట్టి తానే కూర్చుంటానంది. నల్ల అద్దాలు అన్నీ ఉంటాయి, ఒక్కటీ తీయరు. వెలుగు చాలకపోతే స్ఫటికం నిదానంగా నేర్చుకుంటుంది, ఎన్నేళ్ళయితే అన్నేళ్ళు. కొలతని కొలవడానికి ఈసారి ముందే, ఒడ్డునుంచి దూరం కొలిచి పెట్టిన చోట ఒక తేలుడు పీపాకు లంగరు వేసి, బోటును దానికే కట్టేటట్టు ఏర్పాటు చేసింది.

నేర్పడం మొదలుపెట్టిన సాయంత్రం కూర్మన్న కూడా బోటు ఎక్కాడు. అద్దాలు సరిచేసుకోవడంలో చెయ్యి సాయం కావాలిగా అని వంక పెట్టాడు. ఆమెకూ ఆయన ఉంటే బాగుండుననిపించింది. సముద్రం మీద పల్చటి మసక ఉంది. ఆయన బోటు అంచు పట్టుకుని, నీటి చుక్కలు మొహం మీద పడుతుంటే, చాలా రోజుల తరవాత హాయిగా కూర్చున్నాడు. ఒక అల వచ్చి బోటును ఎత్తి కుదేస్తే ఆయన చెయ్యి పట్టు తప్పి గాలిలో తడుముకుంది. నూకరత్నం ఆ చేతిని చూసి, మళ్ళీ దుర్భిణిలో కన్ను పెట్టింది. సూర్యుణ్ణి మెల్లగా దించింది. ముట్టుకున్నాడనిపించిన క్షణాన ఆపి, కోణం చదివి, లెక్క కట్టింది.

లెక్క ప్రకారం బోటు మేట మీద ఉంది. పక్కనే, కట్టిన తాడుకు నెమ్మదిగా ఊగుతూ, పీపా కాదంటోంది.

మళ్ళీ చూసింది. మళ్ళీ అంతే. తన చెయ్యి తండ్రి చెయ్యి కన్నా కాస్త ఎక్కువే ముంచింది.

"ముట్టుకున్నాడా, మునిగాడా?" అన్నాడు కూర్మన్న, ఆమె మళ్ళీ చెయ్యి జరిపిన చప్పుడు విని.

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది.

"మునిగాడు నాన్నా."

ఆయన తలూపాడు. ఆశ్చర్యపోలేదు. కొంచెం సంతోషించాడేమో కూడా, దాన్ని దాచుకోవడానికి మొహం పక్కకు తిప్పుకున్నాడు. తరవాత బోటు నడిపే కామయ్యను పిలిచి, వెనక్కి తిప్పు బాబూ, నన్ను ఒడ్డున దించీ అన్నాడు. నూకరత్నం వద్దని అనలేదు.

మర్నాడు సాయంత్రం ఆయన రేవుదాకా వచ్చి ఆగిపోయాడు. సెక్స్‌టెంట్ పెట్టె ఆమె చేతికిచ్చి, గాలికి ఎగురుతున్న చున్నీని తడుముకుని పట్టుకుని, ఆమె నడుముకు గట్టిగా బిగించి ముడివేశాడు. వెనక్కి చూడకమ్మా అన్నాడు. బోటు కదిలింది. ఆమె వెనక్కి చూడలేదు.

పీపా దగ్గర మసక నిన్నటికన్నా చిక్కగా ఉంది. ఆమె కన్ను పెట్టి సూర్యుణ్ణి కిందికి దించింది. అంచు గీతకు ఆనింది, ఆగింది, మునగలేదు. లెక్క పీపాతో సరిపోయింది. తండ్రి లేని బోటులో ఆమెకు భయం వెయ్యలేదు. అలా భయం వెయ్యకపోవడమే ఆమెకు దుఃఖం తెప్పించింది. ఇకమీదట సాయంత్రాలన్నీ ఇలాగే, ఆయన్ని ఒడ్డున వదిలి రావాలి. ఒడ్డున ఆయన నిలబడే ఉంటాడని తెలిసి కూడా వెనక్కి చూడకుండా, కళ్ళు తుడుచుకుని, రెండోసారి కోణం చదవడానికి ఆమె సెక్స్‌టెంట్ ఎత్తింది.